మందుల బల్లకు బిగించిన కాఫీ మర

మా చిన్న కోడలు ఇంట్లోకి కాఫీ గింజలు ఆడుకునే మర ఒకటి కొనాలనుకుంది. వారం రోజులు ఇంట్లో అదే ముచ్చట. సన్నగా పడేది మంచిదా, బరకగా పడేది మంచిదా, కరెంటుదా, చేతిదా అని ఇంటిల్లిపాదినీ అడిగింది. పక్కింటివాళ్లనూ అడిగింది. నన్ను మాత్రం అడగలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. నేను చాయ్ మనిషిని. బతుకులో కాఫీ తాగింది ఒకే ఒక్కసారి, అదీ ఒక్క గ్లాసు. కానీ ఆ గ్లాసు తాగడానికి ముందు కాఫీ మరను ఎంచి కొనే పని కూడా నా మీదే పడింది. నా సర్వీసులో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి గానీ, మనిషి ప్రాణం దాకా వచ్చింది మాత్రం అదొక్కటే. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీబోటి పిల్లలు వింటారని రాస్తున్నాను. వినకపోతే నాకు పోయేదేమీ లేదు.

ఇది జరిగేనాటికి రాష్ట్రాలు కలిసి ఏడాదో ఏడాదిన్నరో అయింది. నాది హుజూర్‌నగర్ పక్కన పల్లె. నల్గొండలో చదువు ముగించి కంపౌండరు ట్రైనింగ్ పూర్తి చేశాక, నన్ను పాలమూరు జిల్లాలో నల్లమల అడవి మొదలయ్యే చోట ఒక తాలూకా ఊళ్లో పశువుల దవాఖానకు వేశారు. ఉద్యోగం టెంపరరీ. దవాఖాన అంటే రెండు గదులు, ఒక వరండా, పశువును నిలబెట్టి కట్టే కర్రల బోను. స్టాఫు ముగ్గురం. డాక్టరు గారు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినవారు. నేను. మూడో మనిషి అటెండరు, యాభై దాటిన కురుమాయన. నేను ఆయనను కాకా అనేవాణ్ణి. ఆయన జనం ముందు నన్ను సాబ్ అని, ఎవరూ లేనప్పుడు బిడ్డా అని పిలిచేవాడు.

మందులు చాలావరకు మేమే తయారు చేసుకునేవాళ్లం. నెమరు వేయని పశువుకు ఇచ్చే చూర్ణంలో శొంఠి, వాము, ఉప్పుతో పాటు చిటికెడు ముష్టి గింజల పొడి పడాలి. ముష్టి గింజలు మీరు చూసి ఉండరు. చొక్కా గుండీలా బల్లపరుపుగా, బూడిద రంగు నూగుతో ఉంటాయి. అడవి నుంచి వచ్చేవి. చేదుకు అంతు లేదు. చిటికెడు పడితే పశువుకు ఆకలి పుడుతుంది, ఎక్కువ పడితే కాళ్లు బిగుసుకుని చస్తుంది. మనిషైనా అంతే. ఆ గింజలను నానబెట్టి, ఎండబెట్టి, ఇనుప రోట్లో దంచి పొడి చేసేది కాకా. రాయి లాంటి గింజ. రెండు శేర్లు దంచడానికి ఆయనకు రెండు రోజులు పట్టేది. దంచుతున్నంతసేపూ ఆ చప్పుడు నా చెవిన పడుతూనే ఉండేది. గోడ గడియారం చప్పుడు ఎవరు వింటారు, అదీ అంతే.

డాక్టరు గారు మంచి పనిమంతులు, మాట కరుకు. ఆయనకు లోకంలో రెండే పట్టింపులు. సూది మరిగించకుండా వాడకూడదు, కాఫీ లేకుండా మధ్యాహ్నం మూడు దాటకూడదు. చాయ్‌ని ఎండుగడ్డి కషాయం అనేవారు. మేం తాగుతుంటే ముఖం పక్కకు తిప్పుకునేవారు. వాళ్ల ఇంట్లో కాఫీ మర సామాన్ల లారీలో వస్తూ పిడి విరిగింది. అప్పటినుంచి ఎవరు హైదరాబాదు వెళ్లినా పొడి తెప్పించుకునేవారు. అది ఇక్కడికి చేరేసరికి వాసన పోయేదని రోజూ గొణుగుడే.

ఎండాకాలం చివర్లో గురక రోగం టీకామందు తీసుకురావడానికి నన్ను హైదరాబాదు పంపించారు. తొలకరి పడకముందే ఊరూరా పశువులకు టీకాలు పూర్తి కావాలి. బయల్దేరే ముందు అమ్మగారు, అంటే డాక్టరు గారి భార్య, పిలిచారు.

"ఏమయ్యా, వచ్చేటప్పుడు మంచి కాఫీ మర ఒకటి చూసి పట్టుకురావాలి. ఆయనకు పాలూ పంచదారా ఉండకూడదు, చేదు దిగాలి. నాకు కమ్మగా ఉండాలి. ఇద్దరికీ కుదిరేది చూడు" అన్నారు.

సరేనన్నాను. ఎద్దుకు ముక్కుతాడు ఎంచమంటే ఎంచుతాను గానీ, నోట్లో పోసుకోని పానీయానికి మర ఎంచడం ఎలాగో నాకేం తెలుసు. టెంపరరీ ఉద్యోగికి తెలియదని చెప్పే ధైర్యం ఉండదు, అంతే సంగతి.

హైదరాబాదు బజారులో ఒక అరవాయన దుకాణం దొరికింది. నేను మర అడిగితే ఆయన మర చూపించకుండా నన్ను ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. గుడ్డలో వడకడతారా, ఫిల్టరులో దింపుతారా. ఎంతమంది తాగుతారు. గింజ బాగా మాడ్చి వేయిస్తారా, లేతగానా. ఇల్లాలి రుచి ఏమిటి, ఇంటాయన రుచి ఏమిటి. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది ఊహించి చెప్పాను. ఆయన రెండు మరలు ముందు పెట్టాడు. ఒకటి చెక్క పెట్టె, కింద చిన్న సొరుగు, మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పాలి. రెండోది పోతపోసిన ఇనుముది, బల్ల అంచుకు బిగించేది. దానికి పక్కన చెవుల నట్టు ఒకటి ఉంది.

"ఇది బిగించితే పొడి సన్నం, చేదు ఎక్కువ దిగును. వదులు చేస్తే బరక, చేదు తక్కువ. మొగుడూ పెళ్లాం రుచి వేరు అయితే ఇదే తీసుకో. కొట్లాట ఉండదు" అన్నాడు. కాగితంలో చుడుతూ చుడుతూ ఆగి, "ఇంతకీ తిప్పే చెయ్యి ఎవరిది?" అని అడిగాడు.

"అమ్మగారిదే" అన్నాను ఠక్కున. ఒక్క ఈ ప్రశ్నకు మాత్రం జవాబు గట్టిగా తెలుసుననుకున్నాను.

టీకామందు ఐసు ఫ్లాస్కులతో, ఒళ్లో మరతో బస్సు దిగేసరికి అమ్మగారు కర్నూలులో చుట్టాలింటికి వెళ్లి ఉన్నారు. రెండు రోజుల్లో వస్తారట. డాక్టరు గారు టీకామందు తీసుకుని అటునుంచి అటే పన్నెండు మైళ్ల అవతల ఉన్న ఒక ఊళ్లో క్యాంపుకు వెళ్లిపోయారు. నేను మరను విప్పి, సరిగ్గా తిరుగుతుందో లేదో చూద్దామని మందుల బల్ల అంచుకు బిగించాను. పిడి నాలుగు చుట్లు తిప్పాను. హాయిగా తిరిగింది. అలాగే వదిలేసి, మర్నాడు పొద్దున్నే పక్క తండాలో మేకలకు మందు తాపడానికి పోయాను. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. కాకా తన ఊళ్లో చెల్లెలి ఇంట పండుగ ఉందని అప్పటికే వెళ్లిపోయాడు. రెండు రోజులు సెలవు.

అమ్మగారు చెప్పినట్టే వచ్చారు. ఆదివారం నాడు మర విప్పి వాళ్లింటికి తీసుకుపోయాను. పళ్ల మధ్య లేత బూడిద రంగు పొడి కాస్త అంటుకుని కనిపించింది. కొత్త ఇనుము కదా, ఫ్యాక్టరీ దుమ్ము అనుకున్నాను. గుడ్డతో పైపైన తుడిచి ఇచ్చాను. కడగమని చెప్పలేదు. ఇనుము తుప్పు పడుతుందని అరవాయన కడగవద్దన్నాడు, ఆ మాట మాత్రం భద్రంగా అప్పజెప్పాను.

ఆ సాయంత్రం ఆమె గింజలు వేయించి రెండు వాయిలు ఆడారు. మొదటి వాయి నట్టు బిగించి సన్నగా, డాక్టరు గారి రుచికి. అది ఇత్తడి డబ్బాలో పోశారు. రెండోది వదులు చేసి తన కోసం. సోమవారం తెల్లవారుతూనే క్యాంపుకు సామాను బండి పోతుంటే, సూదుల పెట్టె పక్కన ఆ డబ్బాను, ఫిల్టరును దొర్లిపోకుండా తాడుతో కట్టింది నేనే. ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి కూడా చూశాను.

పదకొండు గంటలకు ఏదో కాగితం ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్తే, అమ్మగారు అప్పుడే కాఫీ కలిపి ఉన్నారు.

"మర తెచ్చిన మనిషివి, మొదటి కాఫీ నీకే" అని గ్లాసు నిండా ఇచ్చారు.

నోట్లో పోసుకోగానే నాలుక ముడుచుకుపోయింది. వేపాకు నమిలినా అంత చేదు ఉండదు. అయినా మనసులో నేను అనుకున్నది ఏమిటంటే, ఇంత పేరు పెట్టుకుని తాగే కాఫీ అంటే ఇదేనన్నమాట, వీళ్ల ఓపికకు దండం పెట్టాలి అని. పెద్దింటి మనిషి చేతికిచ్చిన గ్లాసు వదిలేస్తే మర్యాద కాదని ఊపిరి బిగబట్టి మొత్తం తాగేశాను. అమ్మగారు రెండు గుటకలు తాగి ముఖం చిట్లించారు.

"నాక్కూడా సన్నగానే పడినట్టుంది, అందుకే ఇంత చేదు. రేపు నట్టు ఇంకా వదులు చేస్తాను" అని తన గ్లాసు తొట్లో పారబోశారు. "ఆయనకైతే పండగే."

చూశారా. కాఫీ తెలిసిన మనిషికి చేదుకు కారణం నట్టులో దొరికింది. కాఫీ తెలియని నాకు కారణమే అవసరం లేకపోయింది.

దవాఖానకు తిరిగి వచ్చేసరికి కాకా ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. బల్ల చుట్టూ తిరుగుతూ వెతుకుతున్నాడు.

"యాడవాయె నా మిషను?" అన్నాడు.

"ఏం మిషను కాకా?"

"గదే బిడ్డా, బల్లకు బిగిస్తివి గద. సర్కారు గిన్నేండ్లకు నా మొర ఇన్నదనుకున్న. మొన్న నువ్వు తండకు పోయినంక రెండు శేర్ల ముష్టి గింజలు వట్టి గంటల ఆడిన. చెయ్యి నొయ్యలే, ఏం లే. మస్తుగున్నది."

అల్మారా తెరిచి చూశాను. ముష్టి పొడి సీసా మెడదాకా నిండి ఉంది. రోట్లో దంచినప్పటి పలుకులు లేవు, మైదాలా సన్నగా, లేత బూడిద రంగులో ఉంది.

"కాకా, అది కాఫీ మర. అమ్మగారి మర. దాన్లనే ఆడిన కాఫీ పొడి పొద్దుగాల సార్‌కు పోయింది" అన్నాను.

ఆయన గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. "మందుల బల్లకు బిగిస్తే మందులకే అనుకుంట గద బిడ్డా" అన్నాడు మెల్లగా.

పరుగున అమ్మగారి దగ్గరికి పోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె నిలబడ్డ చోటే తలుపు పట్టుకున్నారు. తాను తాగింది రెండు గుటకలే. కానీ ఆమె ఆ సంగతి ఆలోచించలేదు.

"మూడింటికి కలుపుకుంటారు. గడియారం తప్పినా ఆయన కాఫీ తప్పదు. వెళ్లవయ్యా, వెళ్లు" అన్నారు.

అప్పుడు పన్నెండున్నర దాటింది. ఆ దిక్కుకు బస్సు లేదు. ఫోను ఆ ఊరికి ఇంకో ఇరవై ఏళ్లకు గానీ రాలేదు. దవాఖాన సైకిలు తీశాను. కాకా వెనకాల వచ్చి, "నేను గూడ వస్త, జర ఆగు" అన్నాడు. ఆగలేదు.

పన్నెండు మైళ్లలో రోడ్డు అనదగ్గది మూడు మైళ్లు. మిగతాది గుండ్ల మధ్య బండ్ల బాట. మిట్ట మధ్యాహ్నం, ముఖానికి వడగాలి. నాలుగో మైలు దగ్గర నాకు అసలు సంగతి గుర్తొచ్చింది. నేను కూడా తాగాను. రెండు గుటకలు కాదు, గ్లాసు నిండా. ఆ మాట అంతవరకు ఎందుకు తట్టలేదో తెలియదు.

ముష్టి విషం ఎక్కితే ముందు దవడలు బిగుస్తాయి, మెడ పడుతుంది, చిన్న చప్పుడుకే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. ఇవన్నీ నేను పరీక్షకు బట్టీ పట్టినవే. దవడ ఆడించి చూసుకున్నాను. బిగుసుకున్నట్టే ఉంది. పళ్లు కరిచి సైకిలు తొక్కేవాడి దవడ బిగుసుకోక ఏమవుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. పిక్కలు లాగుతున్నాయి. ఎత్తు ఎక్కుతుంటే లాగవా అనుకున్నాను. పొదలోంచి కౌజుపిట్ట బుర్రున లేస్తే గుండె ఆగినంత పనయింది. ఇది భయమా, విషమా? తేల్చుకునే దారి లేక నోటికి వచ్చిన ఎక్కాలు చదువుకుంటూ తొక్కాను. నాలుక తిరుగుతున్నంతసేపు బతికి ఉన్నట్టే లెక్క.

తప్పు నాదా, కాకాదా అన్న ఆలోచన కూడా వచ్చింది. దాచడం ఎందుకు. కాకా పేరు చెబితే నా ఉద్యోగం నిలుస్తుందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. అటువైపు మనిషి ప్రాణం పోతోంది, ఇటువైపు నాకు ఈ లెక్క. ఆ సిగ్గు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

తొమ్మిదో మైలు దగ్గర ముందు టైరులో తుమ్మ ముల్లు దిగింది. కాసేపు గాలి లేని చక్రంతోనే లాగించాను. తర్వాత సైకిలును ఒక చెలక గట్టున పారేసి పరుగెత్తాను.

క్యాంపు ఆ ఊరి బడిలో. చుట్టూ రెండు వందల పశువులు, మెడల్లో గంటలు, ఊరి జనం, కేకలు. వరండాలో డాక్టరు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో గ్లాసు. గోడ మీద బడి గడియారం మూడూ ఇరవై.

నన్ను చూసి నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది చాలా తక్కువ. "రావయ్యా. నీకు కాఫీ తెలియదు గానీ మర ఎంచడం తెలుసోయ్. ఎన్నాళ్లకు నాకు సరిపడే చేదు దొరికింది. ఇది రెండో గ్లాసు" అన్నారు.

నేను వెళ్లి ఆ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఒక గెజిటెడ్ ఆఫీసరు చేతిలోంచి.

"సార్, మరలో ముష్టి గింజలు ఆడినయి. కడగలేదు. తప్పు నాదే, బల్లకు బిగించింది నేనే" అన్నాను. ఊపిరి అందక మూడు ముక్కలుగా వచ్చింది ఆ మాట.

ఆయన ముఖంలో నవ్వు పోవడానికి కొంచెం సమయం పట్టింది. "ఆడిందెవరు?" అన్నారు. నేను గ్లాసులో మిగిలింది నేల మీద పారబోశాను. "సరే, అది తర్వాత. ఇంట్లో తాగిందా?"

"రెండు గుటకలు సార్. పారబోసిన్రు. నేను గ్లాసు తాగిన, పదకొండుకు."

"పదకొండుకు తాగి ఇంత దూరం వచ్చావంటే నీకేం కాదు." ఆ మాట విని మెట్టు మీద కూర్చున్నాను. ఆయన మళ్లీ అడిగారు. "మీరు తాగింది ఏ వాయి? మొదటిదా, రెండోదా?"

"రెండోది సార్."

"మొదటిది?"

"మీ డబ్బాలది."

పళ్ల మధ్య ఉన్నదాంట్లో చాలావరకు మొదటి వాయిలోనే దిగిపోతుంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన వరండా వెనక్కి వెళ్లి గొంతులో వేలు పెట్టుకుని కక్కారు. తిరిగొచ్చి, తానే రోగి కానట్టుగా, మామూలు గొంతుతో పనులు పురమాయించారు. "పొయ్యిలోంచి కర్రబొగ్గు తెచ్చి మెత్తగా నూరి నీళ్లలో కలుపు. గది చీకటి చెయ్యి. నా మీద చెయ్యి వెయ్యకు, గట్టిగా మాట్లాడకు. ఈ పశువులను దూరం పంపించు." ఒక్క క్షణం ఆగారు. "ఇంకోటి. ఊళ్లో చాయ్ దొరుకుతుందా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"ఈ విషానికి చాయ్ వగరు విరుగుడయ్యా. పాలు వద్దు, పంచదార వద్దు. ఆకు గుప్పెళ్లతో వేసి నల్లగా మరిగించమను."

ఊరి మొదట్లో ఒక తడక హోటలు ఉంది. దాని యజమాని ఉన్న ఆకంతా కుండలో పోసి మరిగించాడు. నేను బొగ్గు నూరాను. బడి కిటికీలకు గోనెపట్టాలు కట్టాం. పశువుల సంగతి ఊరి పెద్ద కురుమకు చెప్పాను. ఆయన ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

"డాక్టర్ సాబ్‌కు పానం బాగలేదు, సప్పుడు గావద్దట. గంటలల్ల గడ్డి వెట్టుండ్రి" అన్నాడు తన వాళ్లతో.

ఆడవాళ్లు, మగవాళ్లు వంగి ఒక్కొక్క పశువు మెడలో గంటను పట్టుకుని అందులో ఎండుగడ్డి కుక్కారు. రెండు వందల పశువులు ఆ బడి ముందు నుంచి గుట్ట వైపు నడిచిపోయాయి. గిట్టల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పశువుల దవాఖానలో పనిచేసినన్నాళ్లలో పశువులు అంత నిశ్శబ్దంగా పోగా నేను మళ్లీ చూడలేదు.

చీకటి గదిలో డాక్టరు గారు బల్ల మీద వెల్లకిలా పడుకున్నారు. నేను గోడ పక్కన కూర్చున్నాను. బొగ్గు నీళ్లు తాగారు. చాయ్ గ్లాసు తర్వాత గ్లాసు తాగారు. ఏడు గ్లాసులు లెక్కపెట్టాను. తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. ఎదురుచూడడమే.

నాలుగు దాటాక ఆయన ఎడమ పిక్క అదరడం మొదలైంది. చీకట్లో కూడా కనిపించింది. బయట ఎవరో చెంబు కింద పెట్టిన చిన్న చప్పుడుకు ఆయన ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడింది. నేను లేవబోయాను. వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశారు.

"దవడ ఇంకా ఆడుతోంది" అన్నారు కాసేపటికి, పెదాలు కదలనంత మెల్లగా. "అదరడం పైకి పాకితే నువ్వు చేయగలిగిందేమీ లేదు. భయపడకు. ఇంట్లో చెప్పేటప్పుడు, రుచి బాగుందని చెప్పు. అబద్ధం కాదు."

నాకు ఏడుపొచ్చింది. చప్పుడు చేయకూడదని చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకున్నాను. ఆ గంటసేపూ నేను మొక్కని దేవుడు లేడు, నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

ఐదున్నర ప్రాంతంలో పిక్క అదరడం తగ్గింది. నేను నమ్మలేదు. మరో అరగంటకు ఆయన లేచి కూర్చున్నారు. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. గోనెపట్టా సందులోంచి పడమటి ఎండ గదిలోకి వస్తోంది. "ఇక ఏం కాదు" అన్నారు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు తలుపు వైపు చూశారు. "బయట ఎవరో ఉన్నారు. ఇందాకటి నుంచి ఊపిరి వినబడుతోంది."

తలుపు తీశాను. కాకా గడప పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. పన్నెండు మైళ్లు నడిచి వచ్చాడు. పాదాలు చీరుకుపోయాయి. లోపల ఏమైందో అడగడానికి భయపడి ఎంతసేపటి నుంచి అక్కడ కూర్చున్నాడో తెలియదు. డాక్టరు గారు లేచి కూర్చుని ఉండడం చూసి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆడింది నేనే సాబ్. పోరడు మీద ఏసుకుంటడని ఉరికొచ్చిన. ఆయనకు ఎర్కనే లేదు" అన్నాడు.

డాక్టరు గారు బల్ల అంచుకు జరిగి ఆయన వైపు తిరిగారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, ఎవరిదన్నదే తేలాలి.

"ఎన్నేళ్ల నుంచి దంచుతున్నావు?" అన్నారు.

"ఇరవై ఏండ్లాయె సాబ్."

"చెయ్యి పైకెత్తు."

కాకా ఎడమ చెయ్యి ఎత్తాడు. "అది కాదు, రెండోది" అన్నారు డాక్టరు గారు. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. కాకా పళ్లు కరిచి ఇంకొంచెం ఎత్తబోయాడు. లేవలేదు.

"నేనొచ్చి ఏడాదయింది. ఈ చెయ్యి లేవదని నాకెందుకు చెప్పలేదు?"

"మీరు పశువుల డాక్టరు గద సాబ్" అన్నాడు కాకా. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

డాక్టరు గారు తల దించుకున్నారు. నేనూ దించుకున్నాను. నేను వచ్చి రెండేళ్లు. రోజూ ఆ రోటి పక్కనే కూర్చుని సీసాలకు చీటీలు అంటించేవాణ్ణి.

"మర ఎలా ఉంది?" అని అడిగారు ఆఖరికి.

"మంచిగున్నది సాబ్. చెయ్యి నొయ్యలే."

"అయితే అది నీదే. మళ్లీ బల్లకు బిగించుకో."

ఈ సంగతి ఆయన పైకి రాయలేదు. ఎందుకు రాయలేదని కొన్నాళ్లకు ధైర్యం చేసి అడిగాను. "రాస్తే మొదటి వాక్యంలో ఇరవై ఏళ్లుగా ఈ దవాఖానలో ఒక మర లేదని రాయాలి. రెండో వాక్యంలో నాకు కళ్లు లేవని రాయాలి" అన్నారు. అమ్మగారు మాత్రం నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అది న్యాయమే. తర్వాత వాళ్లు చెక్క పెట్టె మర ఎవరి చేతనో తెప్పించుకున్నారు. నన్ను తెమ్మనలేదు.

ఆ ఇనుప మర మీద ఎర్ర రంగుతో ముష్టి అని పెద్దగా రాసింది నేనే. రిటైరయ్యేదాకా కాకా దాన్ని ఎడమ చేత్తో తిప్పాడు.

మా కోడలు మొత్తానికి కరెంటుది కొన్నది. మీట నొక్కితే చాలట. పొద్దున్నే వాసన వస్తుంటే నా పిక్క కొంచెం లాగినట్టు ఉంటుంది, చాయ్ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోతాను. ఆ అరవాయన అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి నేను ఊహించి చెప్పాను. అవన్నీ సరిపోయాయి. తిప్పే చెయ్యి ఎవరిది అన్న ఒక్కదానికే ఆలోచించకుండా చెప్పాను.